టోక్యోలో పిల్లలతో ఒక రోజు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఆదివారం సాయంత్రం టోక్యో రైళ్ళలో ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్లలు, వాళ్ళని ఎత్తుకుని నీరసంగా నిలబడ్డ అమ్మానాన్నలు కనిపిస్తారు. "వీడు మొండి, వీణ్ణి తీసుకుని ఎక్కడికీ రాకూడదు" అనే మాట టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే మా నిషికసాయ్ వైపు తెలుగులోనే వినిపిస్తుంది. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. రోజు పాడైందంటే చాలాసార్లు తప్పు పిల్లలది కాదు, మనం ఎంచుకున్న రోజుది, దారిది, వేళది. అవి మన చేతిలో ఉన్నవే.

సమస్య: గేటు దాకా వెళ్తే మూసి ఉంది

కారణం: వారపు సెలవు ఒక్కో చోట ఒక్కో రోజు. ఉయెనో జూ, షింజుకు గ్యోయెన్ తోట సోమవారం మూస్తారు. కసాయ్ రింకాయ్ పార్కులోని అక్వేరియం, తమా జూ బుధవారం. ఒదైబాలోని మిరైకాన్ సైన్స్ మ్యూజియం మంగళవారం. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. సోమవారం మూసే చోట ఆ సోమవారం ప్రభుత్వ సెలవు వస్తే తెరుస్తారు, బదులుగా మర్నాడు మూస్తారు. మాకు అలాగే అయింది. మూడు రోజుల సెలవుల్లో జనం ఉంటారని, మంగళవారం ఆఫీసుకి లీవు పెట్టి ఒక జూకి వెళ్ళాం. నాలుగేళ్ళ మా అబ్బాయి గేటు కడ్డీలు రెండు చేతులతో పట్టుకుని, "ఏనుగు నిద్ర లేచాక తీస్తారా అమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

పరిష్కారం: ముందు రోజు రాత్రి ఆ చోటి సొంత వెబ్‌సైట్‌లో క్యాలెండర్ చూడండి. రెండో చోటు కూడా మనసులో పెట్టుకోండి: సోమవారం ఉయెనో లేకపోతే కసాయ్ అక్వేరియం, బుధవారం అక్వేరియం లేకపోతే ఉయెనో. రెండు చోట్లా ప్రైమరీ స్కూలు పిల్లల దాకా టికెట్ లేదు. మే 4న, అక్టోబర్ 1న పెద్దవాళ్ళకి కూడా ఉచితం. కానీ చిన్నపిల్లలుంటే ఆ రోజులు వదిలేయండి, జనం కిక్కిరిసి ఉంటారు.

సమస్య: చోటుకి చేరేలోపే పిల్లలు అలిసిపోతున్నారు

కారణం: స్టేషన్లలో నడక. టోక్యో స్టేషన్‌లో కేయో లైన్ ప్లాట్‌ఫారాలు మిగతా లైన్లకి చాలా దూరంగా, భూమి లోపల ఉంటాయి. డిస్నీలాండ్‌కైనా, కసాయ్ రింకాయ్ పార్కుకైనా ఆ లైనే. మ్యాప్‌లో "రైలు మారాలి" అని ఒక్క ముక్క ఉంటుంది. చంకలో పిల్లాడితో నడిస్తే తెలుస్తుంది అదెంత దూరమో.

పరిష్కారం: టోక్యో స్టేషన్‌లో మారకండి. హిబియా లైన్‌లో వస్తే హచ్చోబోరిలో, యురాకుచో లైన్‌లో వస్తే షిన్‌కిబాలో కేయో లైన్‌కి మారండి. షిన్‌కిబా తర్వాతి స్టేషనే కసాయ్ రింకాయ్ పార్కు. తోజాయ్ లైన్ మీది కసాయ్ స్టేషన్ నుంచి పార్కుకి బస్సు కూడా ఉంది.

స్ట్రోలర్ ఉంటే లిఫ్ట్ వెతుక్కోవడమే పెద్ద పని. టోక్యో మెట్రో ప్లాట్‌ఫారాల మీద పసుపు రంగు బోర్డు ఉంటుంది. దిగాల్సిన స్టేషన్‌లో లిఫ్ట్ ఎన్నో పెట్టెకి దగ్గరో అందులో చూసుకుని, ఆ పెట్టెలోనే ఎక్కండి. పెట్టె నంబరు ప్లాట్‌ఫారం నేల మీదే రాసి ఉంటుంది. పని రోజుల్లో అయితే ఉదయం తొమ్మిదిన్నర దాటాక బయల్దేరండి.

సమస్య: రైలు గేటు దగ్గర పిల్లలకి పెద్దవాళ్ళ ఛార్జీ పడింది

కారణం: పెద్దల కార్డు వాడారు. స్కూల్లో చేరని పిల్లలకి, ఒక పెద్దవారితో ఇద్దరి దాకా, రైల్లో టికెట్ అక్కర్లేదు. ప్రైమరీ స్కూలు పిల్లలకి సగం ఛార్జీ. వాళ్ళ వయసు రుజువు చూపించి పిల్లల సుయికా కార్డు (ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డు) తీసుకోండి. అది పెడితే గేటు కోడిపిల్లలా "పియో పియో" అంటుంది. ఆ చప్పుడు కోసమే మా వాడు స్టేషన్‌కి పరిగెత్తుతాడు.

సమస్య: శాకాహారులకి తినడానికి ఏమీ దొరకట్లేదు

కారణం: దాషి, అంటే ఎండుచేప రసం. మాంసం ముక్క కనపడకపోయినా ఉడాన్ (లావు గోధుమ నూడుల్స్) పులుసులో, సాస్‌లలో అది ఉంటుంది.

పరిష్కారం: పులిహోర, పెరుగన్నం. ఉయెనో జూలో ఇంటి డబ్బా విప్పుకుని హాయిగా తినొచ్చు. వంద యెన్‌ల షాపులో పరుచుకునే షీట్ కొనుక్కోండి. చెత్తకి రెండు కవర్లు కూడా పెట్టుకోండి. 1995లో సబ్‌వేలో సారిన్ విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల చెత్తబుట్టలు తీసేశారు. చెత్త మనమే ఇంటికి తెచ్చుకోవాలి.

సమస్య: మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఏడుపు, పేచీ

కారణం: ఒకే రోజులో మూడు చోట్లు పెట్టుకోవడం. "ఇంత దూరం వచ్చాం కదా" అని జూ, గుడి, టవర్ అన్నీ ఒకే రోజు చుట్టేద్దామనుకుంటాం. పిల్లలకి కావాల్సింది వేరు.

పరిష్కారం: ఒక్క చోటే. కసాయ్ అక్వేరియంలో గుండ్రటి పెద్ద ట్యాంకులో ట్యూనా చేపలు ఆగకుండా తిరుగుతుంటాయి. దాని ముందు పిల్లలు అరగంట కూర్చుంటామంటే కూర్చోనివ్వండి. మూడేళ్ళలోపు పిల్లలుంటే అంత దూరం కూడా వద్దు. నిషికసాయ్ దగ్గరి గ్యోసెన్ పార్కులో చిన్న జూ ఉంది, ఉచితం (ఇది కూడా సోమవారం సెలవే). రెడ్ పాండాలున్నాయి, మేకల్ని ముట్టుకోవచ్చు. మా పాప మొదటిసారి మేక వీపు మీద చెయ్యి వేసి, ఆ గరుకు వెంట్రుకలకి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ ఒక్క వేలు మాత్రం పెట్టి చూసింది. ఆ రోజు ఇంకెక్కడికీ వెళ్ళలేదు, ఎవరూ ఏడవలేదు.

సమస్య: ఎండాకాలంలో బయటికి వెళ్తే వడదెబ్బ భయం

కారణం: జులై, ఆగస్టుల్లో ఉక్క మన తీరప్రాంతాన్ని మించి అనిపిస్తుంది.

పరిష్కారం: చాలా పార్కుల్లో "జబుజబు ఇకె" అనే మోకాలి లోతు కూడా లేని నీటి మడుగులుంటాయి. పొద్దున్నే వెళ్ళి, ఎండ ముదరకముందే వచ్చేయండి. డైపర్ వేసుకునే పిల్లల్ని చాలాచోట్ల దిగనివ్వరు, ముందే బోర్డు చూసుకోండి. ఇంకో జత బట్టలు, టోపీ, బార్లీ టీ సీసా మర్చిపోవద్దు.