నడుస్తున్న బండి కీ తీసినట్టు ఆగిపోతుంటే

ఈ ఎండాకాలం రెండు నెలలు నా బండి నన్ను తిప్పలు పెట్టింది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మలుపు తిరుగుతుంటే ఉన్నట్టుండి మీటరు, హారన్, ఇంజన్ అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. వెనక ఆటోవాళ్ల చేత తిట్లు తిని, దిగి, తోసుకుంటూ పక్కకు తెచ్చి స్టాండ్ వేసేసరికి మళ్లీ అన్నీ వెలిగేవి. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే మాత్రం పెళ్లిచూపులకు వచ్చినంత బుద్ధిగా ఉండేది. "బ్యాటరీ వీక్ అన్నా" అన్నాడు, మార్చేశాం. పది రోజులకు మళ్లీ అదే కథ. ఈసారి లాక్ సెట్ మార్చేద్దామన్నాడు. అప్పటికే చేతి చమురు బాగా వదిలింది కాబట్టి ఒక ఆదివారం నేనే సీటు, ట్యాంక్ ఊడదీసి కూర్చున్నా.

మీ బండికీ ఇదే జబ్బు ఉంటే ముందు ఒక పని చేయండి. బండి ఆగగానే అలవాటుగా కీ తిప్పేస్తాం కదా, అది ఆపండి. బండిని రోడ్డు పక్కకు తెచ్చుకుని, కీ ఆన్‌లోనే ఉంచి, హారన్ కొట్టి చూడండి, బ్రేక్ తొక్కి వెనక లైటు చూడండి. కీ తిప్పితే, హ్యాండిల్ కదిలిస్తే లోపం దానంతటదే సర్దుకుని దొంగ మళ్లీ దాక్కుంటాడు. హెడ్‌లైట్‌ని మాత్రం నమ్మొద్దు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలన్న రూల్ ఉంది కదా, వాటిలో చాలావాటికి ఇంజన్ స్టార్ట్ అయితేనే అది వెలుగుతుంది.

హారన్, బ్రేక్ లైటు, మీటరు అన్నీ పోయాయంటే లోపం అన్నిటికీ కరెంటు వచ్చే ఒకే దారిలో ఉంది. అంటే బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్‌కి, చట్రానికి పోయే వైరు), మెయిన్ ఫ్యూజ్, కీ లాక్, వీటి మధ్య వైర్లు. అంతే. లైట్లు ఉండి ఇంజన్ ఒక్కటే ఆగితే అది వేరే సంగతి, కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపేది), సైడ్ స్టాండ్ స్విచ్, పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడివ్వాలో చెప్పేది), ఇగ్నిషన్ కాయిల్, లేదంటే అసలు పెట్రోలే. బాగా వేడెక్కాకే ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతుంటే కాయిళ్లనే ముందు అనుమానించాలి. పాత కార్బురేటర్ బండ్లలో చాలావాటికి స్పార్క్ నేరుగా, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది, బ్యాటరీ చచ్చినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 ఎఫ్ఐ (పెట్రోల్‌ని ఇంజెక్టర్‌తో చిమ్మే) బండికి పెట్రోల్ పంపు, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ రెండూ కరెంటు మీదే బతుకుతాయి, ఒక్క క్షణం పోయినా ఇంజన్ ఆగిపోతుంది.

రెండోది, ఎప్పుడు ఆగిందో రాసుకోండి. నేను రాసుకోలేదు, అందుకే బ్యాటరీ డబ్బులు దండగయ్యాయి. తర్వాత గుర్తు చేసుకుంటే, గుత్తి దాకా హైవే మీద ఎన్నిసార్లు పోయొచ్చినా ఒక్కసారి కూడా ఆగలేదు, టౌన్‌లో మలుపుల దగ్గరే ఆగేది. అంత తేలిగ్గా దొరికే సమాధానాన్ని రెండు నెలలు పట్టించుకోలేదు నేను. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగితే టెర్మినల్స్ చూడాలి, వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు ఆగితే కప్లర్లలో, అంటే వైర్లు కలిసే ప్లాస్టిక్ కనెక్టర్లలో, నీళ్లు చూడాలి. మన జిల్లాలో వాన తక్కువే గానీ ప్రెషర్ పంపుతో హెడ్‌లైట్ వెనకకు కొట్టే నీళ్లకు లోటు లేదు.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు, చిన్న మల్టీమీటర్ ఒకటి, రెండు వైర్లు కట్టిన పన్నెండు వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి చాలు. బ్యాటరీతో మొదలుపెట్టండి. టెర్మినల్ బోల్టును స్పానర్‌తో కాదు, వేళ్లతో తిప్పి చూడండి, తిరిగితే అదే జబ్బు కావచ్చు. తెల్లగా, పచ్చగా బూజులా పట్టి ఉంటే ముందు నెగెటివ్ తీసి, తర్వాత పాజిటివ్ తీసి, గీకి, బిగించేటప్పుడు నెగెటివ్ చివర్లో పెట్టి, పైన కాస్త వాజిలిన్ రాయండి. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద మల్టీమీటర్ 12.6 వోల్టుల పైన చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 లోపు ఉంటే ఖాళీ. ఇంజన్ రేజ్ చేసినప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, 15 దాటితే చార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచే ఆర్ఆర్ యూనిట్ పోయింది, అసలు పెరగకపోతే చార్జింగ్ లేదు. అంకె బాగానే ఉన్నా సెల్ఫ్ నొక్కగానే మొత్తం చచ్చి కాసేపటికి తిరిగొస్తుంటే బ్యాటరీ లోపలే కనెక్షన్ తెగి ఉండొచ్చు. చార్జింగ్ ఉందో లేదో చూడ్డానికి నడుస్తున్న ఇంజన్‌కి బ్యాటరీ వైరు పీకే పాత పద్ధతి ఒకటుంది, దయచేసి వద్దు, వోల్టేజ్ ఎగిసి ఈసీయూ కాలిపోవచ్చు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. వైరు తెగిందో లేదో చూసే సెట్టింగ్‌లో వైరు రెండు చివర్లా మల్టీమీటర్ పెడితే కుయ్‌మంటుంది, వైరు బాగుందనుకుంటారు. లోపల ఇరవై పోగుల్లో పందొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు కుయ్‌మనే అంటుంది, కానీ ఆ ఒక్క పోగు బండి మొత్తానికి సరిపడా కరెంటు మోయలేదు. అందుకే లోడ్ ఉన్నప్పుడే కొలవాలి. కీ ఆన్ చేసి, లైట్లు వెలుగుతుండగా, మీటరు వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్రది ఇంజన్ మీద పెయింట్ లేని బోల్టు మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి, 0.2 దాటితే ఎర్త్ విప్పి గీకాలి. అలాగే ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లది లాక్ దాటిన వైరు మీద, అంటే కీ లాక్ నుంచి బయటికొచ్చే వైరు మీద. అర వోల్టు దాకా పర్లేదు, ఒకటి దాటితే ఆ మధ్యలో ఎక్కడో కరెంటు ఇరుక్కుంటోంది.

ఫ్యూజ్ కాలకపోయినా తీసి చూడండి, దాన్ని పట్టుకునే క్లిప్పులు వదులై నల్లబడి ఉంటాయి ఒక్కోసారి. ఫ్యూజ్ చోట రాగి తీగ చుట్టడం మాత్రం బండికి నిప్పు పెట్టుకోవడమే. ఫాగ్ లైట్లు, ప్రెషర్ హారన్ లాంటివి తగిలించి ఉంటే ముందు వాటి జాయింట్లు విప్పండి. మా బావ బండి చెనక్కాయల మూటల పక్కన పెట్టేవాడు, ఎలుకలు వైరింగ్‌ని కూడా వదల్లేదు, సీటు కింద ఒకసారి టార్చ్ వేసి చూస్తే పోయేది లేదు.

ఇవేవీ కాకపోతే బండిని కదలనివ్వకుండా లోపాన్ని రప్పించాలి. కీ ఆన్ చేసి, ఇండికేటర్ బల్బు ఒక వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది లాక్ దాటిన వైరుకి తగిలించి, బల్బు కంటికి కనిపించేలా పెట్టుకుని, వైరింగ్‌ని జానెడు జానెడు చొప్పున పట్టుకుని వంచుతూ, లాగుతూ రండి. నా బల్బు లాక్ కప్లర్ దగ్గర ఆరలేదు, ఫ్యూజ్ దగ్గరా ఆరలేదు. హ్యాండిల్ కుడివైపు పూర్తిగా తిప్పగానే బల్బు ఆరింది, వెనక్కి తెస్తే వెలిగింది.

హ్యాండిల్ మెడ దగ్గర వైర్లను చట్రానికి బిగించి కట్టిన ట్యాగ్ ఉంది, సరిగ్గా అక్కడ. నల్ల స్లీవ్ కోసి చూస్తే లోపల ఎర్ర వైరు పైకి కొత్తదానిలా మెరుస్తోంది, చిన్న గీత కూడా లేదు. వేళ్ల మధ్య నలుపుతూ వస్తే ఒక్కచోట మాత్రం లోపల ఏమీ లేనట్టు మెత్తగా దారంలా మడిచింది. బ్లేడుతో చీరితే పోగులన్నీ తెగి, చివర్లు పచ్చగా పొడి రాలాయి. హ్యాండిల్ తిన్నగా ఉంటే ఆ చివర్లు ఒకదానికొకటి ఆనేవి, తిప్పితే విడిపోయేవి.

అతకడానికి రెండు చివర్లు మెలిపెట్టి టేపు చుడితే మన ఎండకు గమ్ కారి నెలలో ఊడిపోతుంది. పచ్చబడిన భాగమంతా, రాగి మెరిసేదాకా కోసేయాలి. అంతే మందం ఉన్న కొత్త వైరు ముక్కను మెడకు కాస్త దూరంగా, వంగని చోట సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) వేయాలి. సోల్డర్ పడిన చోట వైరు గట్టిపడుతుంది, అదే వంగే చోట ఉంటే మళ్లీ అక్కడే తెగుతుంది. ట్యాగ్ వేసేటప్పుడు హ్యాండిల్ రెండు వైపులా లాక్ అయ్యేదాకా తిప్పి, వైరు ఎటూ లాగకుండా వదులు ఉంచి కట్టండి. కీ ఆన్ చేసి, బల్బు ఆరుతుందేమో చూస్తూ హ్యాండిల్‌ని ఆ మూల నుంచి ఈ మూలకు ఇరవైసార్లు తిప్పి చూశాకే ట్యాంక్ ఎక్కించండి, నేను ముందే ఎక్కించి, పెట్రోల్ పైపు సరిగ్గా పెట్టలేదని గుర్తొచ్చి మళ్లీ దించాను.