బరువైన బోటు లాగే ట్రక్కు కొనే ముందు డ్రైవర్ డోర్ తీసి స్టిక్కర్ చదవండి

అమెరికాలో బోటు లాగడానికి పికప్ ట్రక్కు కొనబోయే ప్రతివాళ్ళూ ముందు అడిగేది "ఇది ఎంత లాగుతుందండీ" అనే. బ్రోషర్‌లో పెద్ద పెద్ద అంకెల్లో 5,000 కేజీలు అనో 11,000 పౌండ్లు అనో ఉంటుంది, మన బోటు అంత లేదు కదా అని అడ్వాన్స్ ఇచ్చేసి వచ్చేస్తారు. నిజానికి లాగే విషయంలో ఇప్పుడొచ్చే ఇంజన్లకి లోటేం లేదు, చాలావరకు ముందు చేతులెత్తేసేది వెనక యాక్సిల్, స్ప్రింగులు, టైర్లు. అంటే లాగే శక్తి కాదు, మోసే శక్తి. దాన్నే పేలోడ్ అంటారు, ఆ నంబర్ బ్రోషర్‌లో ఎక్కడో చిన్నగా ఉంటుంది, ఉన్నా అది మీరు కొనే బండిది కాకపోవచ్చు.

ముందు మీ బోటు బరువు సంగతి తేల్చుకోండి. కంపెనీ చెప్పే డ్రై వెయిట్ చూసి మోసపోవద్దు, అందులో పెట్రోల్ ఉండదు, నీళ్ళు ఉండవు, బ్యాటరీలు ఉండవు, ఔట్‌బోర్డ్ బోట్లకైతే (మోటర్ బయట వెనక తగిలించేవి) కొన్నిసార్లు మోటర్లు కూడా ఉండవు, బోటుని మోసే ట్రైలర్ బరువైతే సరే సరి. ఒక 25 అడుగుల బోటు తీస్కుందాం. ఉత్త బోటు 2,300 కేజీలు, రెండు మోటర్లు కలిపి 500, 400 లీటర్ల పెట్రోల్ అంటే దాదాపు 300 (లీటరు ముప్పావు కేజీ వేస్కోండి), బ్యాటరీలు లంగరు తాళ్ళు ఐస్ బాక్సు అన్నీ కలిపి 150, ట్రైలర్ 700. మొత్తం 3,950. అంటే పేపర్ మీద 2,300 అని చూసిన బోటు రోడ్డెక్కేసరికి నాలుగు టన్నులు అయి కూర్చుంది! ఈ లెక్క కూడా అంచనానే, బోటు ఇప్పటికే మీ దగ్గర ఉంటే ట్యాంక్ ఫుల్ చేసి సామానంతా ఎక్కించి ఒకసారి కాటా వేయించండి, ఆ చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ట్రైలర్ ముందు భాగం ట్రక్కు వెనకుండే హిచ్ బాల్ (ట్రైలర్ తగిలించే ఇనప గుండు) మీద కూర్చుంటుంది కదా, అక్కడ కిందకి నొక్కే బరువుని టంగ్ వెయిట్ అంటారు. మామూలుగా మొత్తం ట్రైలర్ బరువులో 10 శాతం చుట్టుపక్కల వేస్కుంటారు, అటూ ఇటూ కొంచెం మారుతుంది. మన నాలుగు టన్నులకి దాదాపు 400 కేజీలు. ఈ 400 నేరుగా ట్రక్కు పేలోడ్‌లోంచి పోతాయి. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులు సామాను కలిపి ఇంతకు మించకూడదు అని. అది ఆ మోడల్‌కి కాదు, అచ్చంగా ఆ ఒక్క బండికి రాసింది. హాఫ్ టన్ ట్రక్కుల్లో (ఇది సైజు పేరే, మోసే బరువు కాదు), అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 సైజువి, అది 680 కేజీల దగ్గర ఉండడం మామూలే. 680లోంచి 400 తీస్తే మిగిలింది 280. ఒక్కొక్కరు 75 చొప్పున నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే 300. బెడ్‌లో ఒక్క బ్యాగ్ కూడా పెట్టకుండానే లిమిట్ దాటేశారు, బ్రోషర్ మాత్రం ఇంకా వెయ్యి కేజీలు లాగొచ్చు అని చెప్తూనే ఉంటుంది.

అలాగని బ్రోషర్ నంబర్ అబద్ధం అనుకోవద్దు. అమెరికాలో ట్రక్కు ఎంత లాగుతుందో కొలవడానికి ఎస్ఏఈ జే2807 అని ఒక స్టాండర్డ్ ఉంది, దానికి ముందు ఎవరి లెక్క వాళ్ళదే. టొయోటా 2011 మోడళ్ళతో మొదలుపెడితే మిగతా పెద్ద కంపెనీలు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. అందులో ఒక పరీక్షకి అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ళ ఎత్తు రోడ్డు ఉంది, మండే ఎండలో ఏసీ ఫుల్ పెట్టి లోడ్‌తో దాన్ని ఎక్కాలి, స్పీడ్ ఒక హద్దు కన్నా పడిపోకూడదు, ఇంజన్ వేడెక్కకూడదు. గట్టి పరీక్షే. కానీ ఆ లెక్కలో బండిలో ఇద్దరే ఉంటారు, ఒక్కొక్కరు 68 కేజీలు. మీ ఇంట్లో ఎంతమంది, ఎంత బరువు అన్నది వాళ్ళకేం తెలుసు.

ఇంకో తమాషా, ఒకే మోడల్‌లో ఎంత ఖరీదైన ట్రిమ్ (వేరియంట్) తీస్కుంటే పేలోడ్ సాధారణంగా అంత తగ్గుతుంది. సన్‌రూఫ్, పవర్ సీట్లు, పెద్ద చక్రాలు అన్నీ బరువే, ఆ బరువంతా స్టిక్కర్‌లోంచే కట్ అవుతుంది. బోటు కోసమే ట్రక్కు అయితే కింద ట్రిమ్ తీస్కుని మిగిలిన డబ్బులు టో ప్యాకేజీ మీద పెట్టండి, అందులో గట్టి హిచ్, పెద్ద కూలర్లు, ట్రైలర్ లైట్లకీ బ్రేకులకీ కరెంట్ ఇచ్చే ఏడు పిన్నుల కనెక్టర్ వస్తాయి.

నా లెక్కలో అన్నీ కలిపి మూడు టన్నుల వరకు మంచి హాఫ్ టన్ చాలు. నాలుగు దగ్గరికొస్తే దాని పై సైజుకి, అంటే సిల్వరాడో 2500, రామ్ 2500 లేదా ఎఫ్-250 లాంటివాటికి వెళ్ళండి, ఐదున్నర దాటితే ఇంక 3500 క్లాసే. అయితే 2500 అన్నాం కదా అని కళ్ళు మూస్కుని డీజిల్ కొనకండి. డీజిల్ ఇంజన్ బరువెక్కువ, అందుకే ఆ సైజు డీజిల్ ట్రక్కుల్లో కొన్నిటి పేలోడ్ హాఫ్ టన్ దగ్గరికే వచ్చేస్తుంది, మళ్ళీ అదే స్టిక్కర్ చదవాలి. డీజిల్‌కి ప్లస్సులు లేవని కాదు, తక్కువ ఆర్పీఎంలోనే టార్క్ వస్తుంది, కొండల్లో గాలి పలచబడినా టర్బో ఉంది కాబట్టి అంతగా నీరసపడదు, అన్నిటికన్నా నాకు నచ్చేది ఎగ్జాస్ట్ బ్రేక్, దిగుడులో కాలు బ్రేక్ మీద పెట్టి ఉంచక్కర్లేదు. ఏడాదికి పది వేల కిలోమీటర్లు బోటుతో తిరిగేవాళ్ళకి అది కావాలి. ఇంటి నుంచి బోటుని నీళ్ళలోకి దింపే ర్యాంప్ పది నిమిషాలైతే మాత్రం పెట్రోలే మేలు, చిన్న చిన్న ట్రిప్పులు తిరిగితే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ మూసుకుపోవడం మొదలవుతుంది. పెట్రోల్ తీస్కుంటే యాక్సిల్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి ఇంజన్ నుంచొచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో) అడగండి, అదే ఇంజన్‌కి 3.31 బదులు 3.73 ఉంటే లాగే రేటింగ్ బాగా పెరుగుతుంది. ఎలక్ట్రిక్ ట్రక్కులు లాగడానికి భేషుగ్గా లాగుతాయి కానీ బరువైన ట్రైలర్‌తో రేంజ్ సగానికి పడిపోవచ్చు, పైగా చాలా ఛార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పితే తప్ప బండి పట్టదు.

బోటుకీ మిగతా ట్రైలర్లకీ తేడా ర్యాంప్ దగ్గర తెలుస్తుంది. వెనక చక్రాలు సరిగ్గా పాచి పట్టిన తడి కాంక్రీట్ మీద ఉంటాయి, వెనక నాలుగు టన్నులు నీళ్ళలోకి గుంజుతుంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్, అందులోనూ లో రేంజ్ ఉన్నది తీస్కోండి, ఇక్కడ పొదుపు వద్దు. గేరు పార్క్‌లో వేసి దిగిపోకుండా ముందు పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డం దిమ్మ పెట్టడానికి ఒక మనిషిని పక్కన ఉంచుకోండి.

బ్రేకుల దగ్గర చాలామంది గందరగోళ పడతారు. బోటు ట్రైలర్లకి ఎక్కువగా సర్జ్ బ్రేకులు ఉంటాయి, ట్రక్కు ఆగితే ట్రైలర్ ముందుకి తోస్తుంది, ఆ తోపుకే హైడ్రాలిక్ బ్రేక్ పడుతుంది, ట్రక్కులో కంట్రోలర్ అక్కర్లేదు. కానీ రివర్స్‌లో వెనక్కి నెట్టినా అదే తోపు కదా, ర్యాంప్ మీద బ్రేకులు పట్టేస్తాయి. అలా కాకుండా రివర్స్ లైట్ కరెంట్‌తో బ్రేక్ విడిపించే ఏర్పాటు ఉంటుంది, దానికి వైర్ కలిసిందో లేదో చూస్కోండి. బరువు పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ (ట్రక్కులోని కంట్రోలర్ కరెంట్‌తో వేయించే హైడ్రాలిక్ బ్రేకులు) మంచిది, అయితే ట్రక్కులో కంపెనీ ఇచ్చిన కంట్రోలర్ దాన్ని సపోర్ట్ చేస్తుందా అని కొనే ముందే మాన్యువల్‌లో చూడాలి, అన్నీ చెయ్యవు.

సెకండ్ హ్యాండ్ అయితే బోటు లాగిన ట్రక్కు అని తెలియగానే కింద దూరండి. ఉప్పునీటి ర్యాంపుల్లో తిరిగిన బండికి బాడీ మీద మెరుపు ఉంటుంది, వెనక ఫ్రేమ్ లోపల తుప్పు ఉంటుంది. స్పేర్ టైర్ పైన, హిచ్ బోల్టుల చుట్టూ, బ్రేక్ పైపుల మీద టార్చ్ వేసి చూడండి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొరలు పొరలుగా రాలిందంటే ఆ బండి వదిలెయ్యండి. కనెక్టర్ మూత తీస్తే పిన్నులు ఆకుపచ్చగా ఉన్నాయా, గేర్ ఆయిల్ మాడు వాసన వస్తోందా, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందా (నీళ్ళు చేరాయన్నమాట), ఇవి చూడ్డానికి పావుగంట పట్టదు. అంతా బాగుంటే మీ ట్రైలర్ తగిలించి, ఫుల్ లోడ్‌తో ఒక ఎత్తు ఎక్కించి దింపి చూస్తామని అడగండి, దిగుడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ ఎలా ఉందో, వెనక ఎంత కుంగిందో అప్పుడే తెలుస్తుంది. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే ఇంకో బండి చూస్కోండి.