అప్‌డేట్ ఫెయిలైందని బాబాయ్ ఫోన్ చేస్తే నేను చెప్పే వరుస

విండోస్‌కి నెలవారీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. అమెరికాలో అది పగలు, మనకి రాత్రి పదిన్నర దాటాక. అందుకే ఆ మర్నాడు, బుధవారం పొద్దున్న, తెనాలి నుంచి బాబాయ్ ఫోన్ వస్తుంది. "ఏమ్మా, మళ్లీ ఎర్రగా ఏదో రాసింది."

నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాను. హైదరాబాద్‌లో అకౌంట్స్ చూసుకునే ఉద్యోగం. కానీ నాలుగేళ్లుగా ఆయన డెస్క్‌టాప్‌ని ఫోన్‌లోనే బాగుచేస్తూ వచ్చాను కాబట్టి ఒక వరుస కుదిరింది.

ముందు అడిగేది నంబరు. "రాలేదు, అవ్వలేదు" అంటే నాకేమీ తెలియదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే ఫెయిలైన అప్‌డేట్ పక్కన ఒక కోడ్ ఉంటుంది. సున్నా, ఎక్స్‌తో మొదలవుతుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. కేబీ అక్షరాలతో ఉండే అప్‌డేట్ నంబరు కూడా. వాట్సాప్‌లో ఫొటో పెడితే ఇంకా మేలు, బాబాయ్ ఎనిమిదిని బీ అని చదువుతారు.

రెండోది, రీస్టార్ట్. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదు, సగం నిద్రపోయి లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. సగం గొడవలు ఇక్కడే తీరిపోయాయి. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ శాతం కదలకపోతే గంటసేపైనా ముట్టుకోవద్దని చెబుతాను. డిస్క్ లైటు మిణుకుమంటోందంటే పని జరుగుతున్నట్టే.

మా ఇంటి అసలు రోగం ఇక్కడే బయటపడింది. బాబాయ్ రాత్రి పడుకునే ముందు గోడ మీది స్విచ్ కట్టేస్తారు. కరెంటు బిల్లు తగ్గాలని ఆయన పద్ధతి. చుక్కలు తిరుగుతున్నా కట్టేస్తారు. అప్‌డేట్ సగంలో తెగేది, పొద్దున్నే వెనక్కి తిరిగి "మార్పులు రద్దు చేస్తున్నాం" అనేది. రెండో నష్టం ఇంకా నెమ్మదిగా బయటపడింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్గులో కరెంటు ఉంటే దాని మీద భారం పడదు. రోజూ గోడ స్విచ్ కట్టేస్తే రాత్రంతా అదే మోస్తుంది.

ఒక బుధవారం ఆయన చదివిన కోడ్ చివర 80072ఎఫ్8ఎఫ్. "బాబాయ్, కింద కుడి మూల తేదీ ఎంత ఉంది?" అని అడిగాను. కాసేపాగి, "2019 జనవరి అంటోందమ్మా" అన్నారు. తేదీ తప్పితే అప్‌డేట్ సర్వర్ చూపించే భద్రతా సర్టిఫికెట్ చెల్లదని కంప్యూటర్ అనుకుంటుంది, కనెక్షనే కుదరదు. బ్రౌజర్‌లో బ్యాంకు పేజీ కూడా తెరుచుకోవట్లేదని ఆయన అప్పుడు చెప్పారు, ముందు చెప్పలేదు.

అప్పటికి సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తేదీ చేత్తో మార్పించాను. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉందో లేదో చూడమన్నాను. అప్‌డేట్ దిగింది. మర్నాడు మళ్లీ 2019, అంటే ఆ బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. కొత్తది వాచీల కొట్లో 40 రూపాయలకి దొరికింది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, పక్క మూత తీసి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టాలి. దానికి ముందు ఒక జాగ్రత్త: డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. బయోస్ (విండోస్ కంటే ముందు మేల్కొనే మదర్‌బోర్డు ప్రోగ్రాము) సెట్టింగులు మారితే విండోస్ దాన్ని అడగొచ్చు.

80070070 అని వస్తే డిస్క్‌లో చోటు లేదు. బాబాయ్ సీ డ్రైవ్ 119 జీబీ, అందులో మిగిలింది 3. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ తెరిచి విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కి టిక్ పెట్టమంటాను. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. దానికి పొరపాటున టిక్ పెడితే మీరు దించుకున్న పెన్షన్ కాగితాలు, టికెట్లు అన్నీ పోతాయి. ఇది రెండుసార్లు చెబుతాను. సీ డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంచడం నా లెక్క.

80073712 వస్తే విండోస్ సొంత ఫైళ్లు పాడైనట్టు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ కొట్టి టెర్మినల్ అడ్మిన్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరవాలి. ఆ తర్వాత నేను ఇలా చెబుతాను, ఆయన కొడతారు: డీ, ఐ, ఎస్, ఎం. ఖాళీ. స్లాష్, ఆన్‌లైన్. ఖాళీ. స్లాష్, క్లీనప్, చిన్న గీత, ఇమేజ్. ఖాళీ. స్లాష్, రిస్టోర్‌హెల్త్, మధ్యలో ఖాళీ లేకుండా. స్లాష్ అంటే ప్రశ్నార్థకం ఉన్న మీట, ఎంటర్ పైన వాలి ఉండేది కాదు. ఇది 62 శాతం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది, బాబాయ్ టీ తాగొచ్చారు, అప్పటికీ అక్కడే. కదిలించకండి, తర్వాత అదే వెళ్లింది. అది పూర్తయ్యాక రెండో మాట: ఎస్, ఎఫ్, సీ, ఖాళీ, స్లాష్, స్కాన్‌నౌ. వరుస మార్చకండి, మొదటిది బాగుచేసిన సరుకునే రెండోది వాడుకుంటుంది.

దిగిన ఫైలే పాడైతే ఎన్నిసార్లు రీట్రై నొక్కినా అదే ఫెయిల్. సర్వీసెస్ (విండోస్‌లో వెనకాల నడిచే పనుల జాబితా) తెరిచి విండోస్ అప్‌డేట్‌నీ, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌నీ ఆపించి, సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు చివర "పాత" అని చేర్పిస్తాను. చెరిపేయనక్కర్లేదు. రీస్టార్ట్ చేస్తే విండోస్ కొత్త ఫోల్డర్ తయారుచేసుకుని మళ్లీ మొదటి నుంచి దించుతుంది. పేరు మార్చనివ్వకపోతే సర్వీసు మళ్లీ లేచినట్టు, ఇంకోసారి ఆపండి.

ఇవేవీ పనిచేయకపోతే విండోస్ 11లో సిస్టమ్, రికవరీ కింద విండోస్ అప్‌డేట్‌తో సరిచేసే వరుసలో రీఇన్‌స్టాల్ నౌ ఉంటుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు అలాగే ఉంచి విండోస్‌ని మళ్లీ ఎక్కిస్తుంది. దీన్ని చూడకుండానే ఫార్మాట్ చేద్దామనే రిపేరు షాపు మాట వినకండి. ఒకసారి విని బాబాయ్ మనవరాలి మొదటి ఏడాది ఫొటోలు పోగొట్టుకున్నారు.

అసలు తెరే రాకుండా మొరాయిస్తే, విండోస్ లోడవుతుండగా పవర్ బటన్ పట్టుకుని ఆపడం రెండు మూడుసార్లు చేస్తే నీలం రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. అక్కడ క్వాలిటీ (నెలవారీది), ఫీచర్ (పెద్ద వెర్షన్ మార్పు) అని రెండు ఉంటాయి, ముందు క్వాలిటీ అప్‌డేట్‌నే తీయించండి.

గోడ స్విచ్ పక్కన ఇప్పుడు పిన్ని రాసిన కాగితం ఉంది: "చుక్కలు తిరుగుతుంటే కట్టొద్దు." బాబాయ్ దాన్ని చదివి, తెర చూసి, అప్పుడే కడుతున్నారట.