హాజరు పుస్తకంలో ఖాళీ గళ్ళు: ఒక కాలపు యోగా బోధనను సమీక్షించుకునే పద్ధతి

శ్రీకాకుళంలో మా యోగా తరగతి ఏటా కార్తీక మాసం తొలి వారంలో మొదలై రథసప్తమి నాడు సూర్యనమస్కారాలతో ముగుస్తుంది. ఆ రోజు అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి వచ్చే జనంతో ఊరంతా నిండిపోయి ఉంటుంది. దర్శనం చేసుకుని నేరుగా తరగతికి వచ్చేవారూ, తరగతి ముగించుకుని దర్శనానికి వెళ్ళేవారూ ఉంటారు. అందరం కలిసి ఫొటో తీసుకుంటాము, ప్రసాదం పంచుకుంటాము, జంపఖానాలు చుట్టిపెట్టి ఇళ్ళకు వెళ్ళిపోతాము. చాలామంది బోధకులకు అక్కడితో ఆ కాలం ముగిసినట్టే. కాని మూడు నెలల పాటు చలిలో లేచి వచ్చిన మనుషులకు మన వల్ల ఏమి జరిగిందో, ఏమి జరగకుండా పోయిందో తెలుసుకునే పని అప్పుడే మొదలవుతుంది. పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో యోగా నేర్పేవారు ఆ పనిని ఎలా చేసుకోవచ్చో నా అనుభవంలో నిలిచిన పద్ధతిని బట్టి వివరిస్తాను.

ముగింపు రోజునే సమీక్షకు కూర్చోవద్దు. ఆ రోజు మనసు నిండుగా ఉంటుంది, వచ్చినవారు పొగుడుతారు, లోపాలు కంటికి ఆనవు. వారం రోజులు ఆగండి. అలాగని నెల దాటనివ్వకండి. ఉగాది వచ్చేసరికి జ్ఞాపకం మసకబారుతుంది, మే నెలలో జూన్ 21 ఏర్పాట్లు మొదలవుతాయి. 2025లో అంతర్జాతీయ యోగా దినోత్సవ ప్రధాన కార్యక్రమం విశాఖపట్నంలో జరిగినప్పుడు, దానికి ముందు నెల రోజుల పాటు రాష్ట్రమంతటా యోగాంధ్ర పేరిట శిక్షణలు నడిచాయి. ఆ హడావిడిలో పడినవారికి గడిచిన చలికాలం గురించి ఆలోచించే తీరిక దొరకలేదు, నాకూ దొరకలేదు. అందువల్ల మాఘ మాసంలోనే రెండు ఉదయాలు దీనికోసం కేటాయించుకోండి. తరగతి నడిచిన వేళకే, వీలైతే తరగతి నడిచిన చోటనే కూర్చోండి. ఆ వేళకు శరీరం ఎలాగూ మేలుకుంటుంది, ఖాళీగా ఉన్న ఆ చోటు చూస్తే ఎవరు ఎక్కడ కూర్చునేవారో దానంతట అదే గుర్తుకు వస్తుంది. హాజరు పుస్తకం, జమాఖర్చుల పుస్తకం, మీరు ఏ రోజు ఏమి నేర్పారో రాసుకున్న దినచర్య, ఈ మూడూ దగ్గర ఉంటే చాలు.

ముందుగా తెరవవలసినది హాజరు పుస్తకం. దానిలో మొత్తాలు వేయకండి. రథసప్తమి నాడు వచ్చిన జనాన్ని చూసి మా తరగతి బాగా పెరిగిందని నేను రెండేళ్ళు నమ్మాను. పేరు పేరునా చూసినప్పుడు, ఆ రోజు వచ్చినవారిలో సగానికి పైగా ఆ ఒక్క రోజుకే వచ్చినవారని, మూడు నెలలూ వచ్చిన పెద్దవారు ఆ గంటన్నర సేపు 108 సూర్యనమస్కారాలు చేయలేక గోడ వారన కూర్చుండిపోయారని తెలిసింది. కనుక ప్రతి పేరు ఎదుటా వరుసగా వారం రోజులకు మించి రాకపోవడం మొదటిసారి ఎప్పుడు జరిగిందో వెతికి, ఆ తేదీని పెన్సిలుతో చుట్టండి. తరువాత ఆ వారంలో ఊళ్ళో ఏమి జరుగుతున్నదో దాని పక్కనే రాయండి. నవంబరు, డిసెంబరు నెలల్లో వరి కోతలు, నూర్పులు ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవారు ఆ రోజుల్లో రాలేరు. అదే కాలంలో అయ్యప్ప మాల వేసుకున్నవారికి 41 రోజుల పాటు తెల్లవారుజాము స్నానానికీ పూజకే సరిపోతుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ పిల్లలు వస్తారు. ఇంట్లో ఆడవారికి పది పదిహేను రోజుల పాటు ఊపిరి సలపదు. ఇవన్నీ తీసేయగా ఏ కారణమూ దొరకకుండా మిగిలిన పేర్లు కొన్ని ఉంటాయి. మీ సమీక్ష అంతా ఆ కొద్ది పేర్ల మీదనే నడవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. మా పుస్తకంలో ఒకావిడ పేరు ఎదుట 26 రోజుల పాటు ఒక్క గడి కూడా వదలకుండా టిక్కులు ఉన్నాయి. 27వ రోజు నుంచి పేజీ చివర వరకు అంతా ఖాళీ. కోతలకు వెళ్ళి ఉంటారని అప్పట్లో అనుకున్నాను. సమీక్షకు కూర్చున్నప్పుడు దినచర్య తెరిచి చూస్తే, 26వ రోజున నేను వజ్రాసనాన్ని అయిదు నిమిషాలకు పెంచినట్టు నా చేతి రాతతోనే రాసి ఉంది. మరునాడు వారి ఇంటికి వెళ్ళాను. వీధి అరుగు మీద కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తున్నారు. కుడి మోకాలి చుట్టూ ఉప్పు కాపడం పెట్టుకున్న గుడ్డ ఇంకా కట్టి ఉంది. చాలాసేపు కోడలి గురించీ, మనవడి చదువు గురించీ మాట్లాడాక, "మోకాలు పట్టేసినాది మాస్టారూ. అందరూ కూకునుంటే నానొక్కదాన్నీ లేచిపోతే ఏటి బాగుంటాది?" అన్నారు. ఆవిడ తరగతి మానేసింది నొప్పి వల్ల కాదు. నొప్పి ఉన్నదని పదిమందిలో చెప్పలేకపోవడం వల్ల. చెప్పుకునే వీలు కల్పించనివాడిని నేను. పిక్కకూ తొడకూ మధ్య మడత పెట్టిన దుప్పటి ఒకటి పెట్టి ఉంటే మోకాలు అంతగా వంగవలసిన అవసరం ఉండేది కాదు; అదీ కుదరకపోతే కుర్చీ మీద కూర్చోబెట్టి మిగిలినవన్నీ చేయించి ఉండవచ్చు. ఈ రెండూ నాకు తెలియని విషయాలు కావు. తరగతి మొదటి రోజున వాటిని అందరికీ చూపించి, ఎవరికి అవసరమైతే వారు అడగకుండానే తెచ్చుకునేటట్టు గుమ్మం పక్కన పెట్టి ఉంచలేదు, అంతే.

ఇళ్ళకు వెళ్ళడం ఈ పనిలో అన్నిటికంటే సున్నితమైన భాగం కనుక కొంచెం వివరంగా చెప్పాలి. "ఎందుకు రావడం లేదు?" అని అడగకండి. అది నిలదీసినట్టు ఉంటుంది, దానికి "కుదరడం లేదండీ" అన్న జవాబే వస్తుంది. ఇప్పుడు పొద్దున్న ఏ వేళకు లేస్తున్నారు, ఒళ్ళు ఎలా ఉంటున్నది అని అడగండి. మిగిలినది వారే చెబుతారు. నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళవద్దు. మీరు మగవారైతే, ఆడవారి ఇళ్ళకు మీ ఇంటి ఆడవారినో తరగతికి వచ్చే పెద్దావిడనో తోడు తీసుకుని వెళ్ళడం, కొన్నిచోట్ల వారినే పంపడం మంచిది. నెలసరి ఇబ్బందుల వంటివి మనతో చెప్పరు, చెప్పాలని ఆశించడం కూడా తగదు. అక్కడ కూర్చుని పుస్తకంలో రాసుకోకండి, బయటకు వచ్చాక రాసుకోండి. మళ్ళీ రమ్మని మాట తీసుకోకండి. నాలుగైదు ఇళ్ళు చాలు. అంతకంటే ఎక్కువ తిరిగితే విన్నదానికి విలువ ఇచ్చే ఓపిక ఉండదు.

ఆసనాల మాట అలా ఉంచి, తరగతిలో ఆరోగ్యం గురించి మీరు అన్న మాటలను కూడా గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాయండి. ఈ అలవాటు నాకు మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం నేర్పింది. ఆదివారాలు అక్కడ కవిటి వైపు ఒక పల్లెలో తరగతి తీసుకునేవాడిని. ఆ ప్రాంతమంతటా దశాబ్దాలుగా, కారణం ఇదీ అని తేలని మూత్రపిండాల వ్యాధి ఉంది. తరగతిలో కూర్చున్నవారిలో ఎవరి ఇంట్లో చూసినా ఒకరైనా మందులు వాడుతూ ఉంటారు. పొద్దున్నే లీటరు నీళ్ళు తాగితే ఒంట్లో మలినాలు పోతాయని నేను పట్నంలో చెప్పినట్టే అక్కడా చెప్పాను. తరగతి అయ్యాక ఒకాయన పక్కకు పిలిచి, తనకు డయాలిసిస్ నడుస్తున్నదని, రోజు మొత్తానికీ ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు కొలత పెట్టారని మెల్లగా చెప్పారు. ఆయన ఎడమ ముంజేతి మీద డయాలిసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చోట నరం తాడులా ఉబ్బి ఉంది. అంతకు పది నిమిషాల ముందే ఆ చేతి మీద బరువు మోపించి భుజంగాసనం చేయించాను. ఆ చేతి మీద బరువు పడకూడదు, దాన్ని నొక్కకూడదు, చివరకు బీపీ కూడా ఆ చేతికి చూడరు. ఆయన చెప్పుకోగలిగిన మనిషి కాబట్టి తెలిసింది. ఆ రోజు నుంచి ప్రతి కాలం చివరా నేను అన్న మాటల జాబితా రాసుకుని, డాక్టరు చెప్పవలసినవాటిని కొట్టివేస్తున్నాను. నీళ్ళ కొలత, ఉప్పు, షుగరు మాత్రలు, ఉపవాసం, ఇవన్నీ పోయాయి. నీటికాసులు ఉన్నవారికి తల కిందికి వంచే ఆసనాలు వద్దని, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు కపాలభాతి చేయరాదని, హెర్నియా ఉన్నవారికి శలభాసనం కూడదని చెప్పడం మాత్రం మన బాధ్యతే. అవి జాబితాలో లేకపోతే చేర్చుకోవాలి.

తరువాత దినచర్యలోంచి ఏవైనా అయిదు రోజులు తీసుకుని, దేనికి ఎన్ని నిమిషాలు పట్టిందో కూడి చూడండి. ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన 45 నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్ మనలో చాలామందికి ఆధారం. దానిలో శరీరాన్ని సడలించే కదలికలు, నిలబడి, కూర్చుని, బోర్లా, వెల్లకిలా చేసే ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం అన్నీ వరుసగా ఉన్నాయి. నా అయిదు రోజుల లెక్కలో నిలబడి చేసే ఆసనాలు ఎక్కువ సమయం తీసుకున్నాయి, శవాసనం రెండు నిమిషాలకు కుంచించుకుపోయింది. సూర్యోదయం ఆరు దాటాక గాని కాని డిసెంబరులో, నాగావళి మీది మంచు హాలులోకి వచ్చే వేళ, కీళ్ళు సడలించడానికి కనీసం పది నిమిషాలు పట్టాలి. నేను నాలుగు నిమిషాల్లో ముగించాను. ప్రోటోకాల్‌లో ఉన్నది కదా అని ధనుర్మాసపు చలిలో శీతలి ప్రాణాయామం కూడా చేయించాను. ఒంటిని చల్లబరిచే ఆ ప్రాణాయామం ఎండలు ముదిరాక చేయించవలసినది. వరుసను పాటించడం క్షేమం అనుకుంటాము గాని, ఋతువును చూడకుండా వరుసను పాటిస్తే బోధకుడు చేయవలసిన పని చేయనట్టే.

యువకులు ఎందుకు రాలేదన్న ప్రశ్న ప్రతి ఏటా వస్తుంది. మా జిల్లా కుర్రవాళ్ళు సైన్యం, పోలీసు ఎంపికల కోసం అదే వేళకు మైదానాల్లో పరుగు తీస్తుంటారు. వారిని మన దగ్గరకు రమ్మనడం కంటే, పరుగు ముగిశాక మనమే అక్కడికి వెళ్ళి పావుగంట సేపు నడుముకూ తొడ వెనుక కండరాలకూ సంబంధించినవి చేయించడం మేలు. శ్రీకాకుళం స్టేడియానికి ఎవరి పేరు ఉన్నదో ఆ కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ పొంగించి ఇనుప గొలుసులు తెంపేవారని, దాని వెనుక ప్రాణాయామ సాధన ఉన్నదని చెబితే వారు శ్రద్ధగా వింటారు.

ఇక తరగతి ఒక సమూహంగా ఎలా ఉన్నదో చూడాలి. కాగితం మీద హాలు గీసి, ఎవరు ఎక్కడ కూర్చునేవారో పేర్లు రాయండి. నేను గీసినప్పుడు, ఒకే వీధివారు ముందు వరుసల్లోనూ, దూరపు వాడ నుంచి వచ్చే ఆరుగురూ మూడు నెలల పాటూ గుమ్మం దగ్గరనే ఉన్నట్టు తేలింది. ఎవరూ వారిని అక్కడ కూర్చోమనలేదు. ముందుకు రమ్మనీ అనలేదు. మరుసటి ఏడాది వారానికి ఒకసారి అందరూ అటు తిరిగి కూర్చుని, వెనుక వరుస ముందు వరుస అయ్యేటట్టు నా చోటునే మార్చుకున్నాను. అలాగే పనుల జాబితా రాయండి: తాళం ఎవరు తీశారు, జంపఖానాలు ఎవరు పరిచారు, తరగతి అయ్యాక చోడి (రాగి) అంబలి ఎవరి ఇంటి నుంచి వచ్చింది. అన్నిటి ఎదుటా ఆ ముగ్గురి పేర్లే ఉంటే, వచ్చే ఏడాదికి వారు అలసిపోతారు. అంబలి తాగుతూ నిలబడిన ఆ పావుగంటలోనే మనుషులు ఒకరి ఇంటి సంగతులు ఒకరు తెలుసుకుంటారు కనుక, దానిని మోసే చేతులు మారుతూ ఉండేటట్టు చూడడం ఆసనాలు నేర్పడమంత ముఖ్యమైన పని.

డబ్బు లెక్క ఒక్క పేజీలో రాసి, కరెంటు బిల్లూ జంపఖానాల ఉతుకుడు ఖర్చూ సహా గోడకు అంటించండి.

చివరగా అందరినీ ఒక ఉదయం పిలవండి. శాలువాలూ సన్మానాలూ ఆ రోజు వద్దు. కప్పించుకున్న శాలువాతో విమర్శ వినలేము. నేల మీద గుండ్రంగా కూర్చుని, తక్కువ మాట్లాడేవారితో మొదలుపెట్టి రెండే అడగండి: ఏది మానేస్తే మీకు సుఖంగా ఉంటుంది, ఏది ఉండి ఉంటే మీరు ఇంకొన్ని రోజులు వచ్చేవారు. జవాబులకు అక్కడికక్కడే సమాధానం చెప్పుకోకండి. ఇళ్ళలో విన్నవీ ఇక్కడ విన్నవీ కలిపి చూసి, మానేయవలసినది ఒకటి, మార్చుకోవలసినది ఒకటి నిర్ణయించుకోండి. మేము మానేసినది రథసప్తమి నాటి 108 నమస్కారాల లెక్క; ఇప్పుడు ఎవరి శక్తి కొద్దీ వారు పన్నెండో ఇరవై నాలుగో చేస్తారు, కుర్చీలో కూర్చున్నవారు చేతులతో చేస్తారు.

ఆ సాయంత్రమే కొత్త హాజరు పుస్తకం కొని, మొదటి పేజీలో మానేసినవారి పేర్లు రాసి, ఒక్కొక్క పేరు పక్కనా ఏమి కావాలో రాసి ఉంచండి: దుప్పటి, కుర్చీ, ఎడమ చేతి మీద బరువు వద్దు, కోతలయ్యాక కబురు చేయాలి. ప్రారంభపు తేదీ దీపావళి దాటాకే పెట్టుకోండి. అక్టోబరు మా తీరానికి తుఫానుల నెల, 2018లో తిత్లీ 11వ తేదీ తెల్లవారుజామునే వచ్చింది. ఆరుబయట నడిపేవారు వాన వస్తే ఎక్కడ కూర్చోవాలో, ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఆ పేజీ అడుగున రాసి పెట్టుకోవాలి.