హోం లోన్‌కి ఈసీ: దరఖాస్తు ఎలా చేయాలి, బ్యాంకు లాయరు ఎక్కడ ఆపుతాడు

ఇల్లు నచ్చుతుంది, బేరం కుదురుతుంది, అడ్వాన్సు ఇచ్చేస్తారు. జీతం, సిబిల్ స్కోరు చూసి బ్యాంకు శాంక్షన్ లెటర్ కూడా ఇస్తుంది. కొన్నాళ్లకు "లీగల్‌లో ఆగింది" అని ఫోను వస్తుంది. అప్పటికి అగ్రిమెంటు గడువు దగ్గర పడుతుంటుంది, అమ్మేవాళ్లు అడ్వాన్సు వెనక్కిచ్చే ఉద్దేశంలో ఉండరు. ఇలా ఇరుక్కున్నవాళ్ల ఫైలు తెరిచి చూస్తే చాలాసార్లు తేడా ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) దగ్గరే కనిపిస్తుంది. ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు వరుసగా చూపించే కాగితం అది. ఈసీ లేదని కాదు. ఉంటుంది, కానీ తప్పు వివరాలతో తీసినది ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం కొనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వ్యవసాయ భూమి పద్ధతి వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

దరఖాస్తు చేయడం కష్టమేమీ కాదు. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలోనూ ఈసీ సెర్చ్ ఉంది, 1983 నుంచి ఉన్న లావాదేవీలు అందులో దొరుకుతాయి. మీరు చూసుకోవడానికి అది చాలు. సంతకం ఉన్న ఈసీ కావాలని బ్యాంకు అడిగితే మీసేవలో గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఫీజు వందల్లోనే ఉంటుంది. "ఈసీ నేను తీయిస్తాను" అని వేలల్లో అడిగేవాళ్లకు ఆ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. అమ్మేవాళ్ల అనుమతి కూడా అక్కర్లేదు. ఆస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో బుక్కును ఎవరైనా చూడొచ్చని, నకలు తీసుకోవచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే, ఎవరికీ చెప్పకుండానే మీరు ఈసీ తీసి చూసుకోవచ్చు. అసలు చూడాల్సింది కూడా అప్పుడే.

ఎన్నేళ్లకు తీయాలి? కొన్ని బ్యాంకులు 13 ఏళ్లంటాయి, చాలా బ్యాంకులు 30 అడుగుతాయి. స్వాధీనం కోసం దావా వేయడానికి కాలపరిమితి 12 ఏళ్లు, తనఖా విడిపించుకోవడానికి 30 ఏళ్లు. ఈ లెక్కలు అక్కడి నుంచే వచ్చాయి. మీ బ్యాంకు 13 చాలన్నా 30 ఏళ్లకే తీయండి. ఖర్చులో పెద్ద తేడా ఉండదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం.

మీరు ఇచ్చిన వివరాలతో ఏవైనా దస్తావేజులు సరిపోలుతున్నాయా అని మాత్రమే ఈసీ వెతుకుతుంది. ఆ ఆస్తి ఎవరిదో తేల్చి చెప్పదు. ఇంటి నంబరు ఒక్కటే ఇస్తే ఆ నంబరు రాసి ఉన్న దస్తావేజులే వస్తాయి. మున్సిపాలిటీ పదేళ్ల కిందట నంబర్లు మార్చి ఉంటే పాత నంబరు మీద జరిగిన అమ్మకం, తనఖా ఏవీ రావు. సర్వే నంబరుదీ ఇదే కథ. ఉదాహరణకు, పాత దస్తావేజులో 112 అని ఉంటుంది, తర్వాత సబ్ డివిజన్ అయ్యి 112/2 అవుతుంది. కొత్తది మాత్రమే ఇచ్చి వెతికితే సగం చరిత్ర జారిపోతుంది. ఇలా వెతికినా కాగితం వస్తుంది, అందులో లావాదేవీలేమీ లేవని ఉంటుంది. దాన్నే నిల్ ఈసీ అంటారు. "చూడండి సార్, క్లియర్ ప్రాపర్టీ" అంటూ బ్రోకర్లు చూపించేది చాలాసార్లు ఇదే.

30 ఏళ్లలో ఒక్క లావాదేవీ కూడా లేదని ఈసీ వస్తే సంతోషించే ముందు ఒకసారి ఆలోచించండి. అమ్మేవాళ్లు ఆ ఆస్తిని ఆ మధ్యలోనే కొన్నామంటున్నారా? అలాగైతే వాళ్లు కొన్న దస్తావేజైనా అందులో రావాలి కదా. అదీ రాలేదంటే మీరు వెతికింది వేరే ఆస్తి అన్నమాట. బ్యాంకు లాయరు మొదట పట్టుకునేది ఇదే.

అందుకని ఇలా చేయండి. అమ్మేవాళ్ల సేల్ డీడ్ జిరాక్సు తీసుకోండి. చివర్లో ఆస్తి వివరాలు రాసి ఉండే షెడ్యూలు ముందు పెట్టుకుని దరఖాస్తు నింపండి: గ్రామం, వార్డు-బ్లాకు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. తర్వాత దస్తావేజు నంబరు, సంవత్సరం ఇచ్చి ఇంకోసారి వెతకండి. ఇక్కడ చాలామంది తడబడతారు. జిల్లాలో ఏ ఆఫీసులోనైనా రిజిస్ట్రేషన్ చేయించుకునే వీలు కల్పించారు కాబట్టి మీ ఇల్లు ఒక సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉండి, దస్తావేజు ఇంకోచోట రిజిస్టరై ఉండొచ్చు. దస్తావేజు నంబరుతో వెతికేటప్పుడు అది రిజిస్టరైన ఆఫీసునే ఎంచుకోవాలి. స్టాంపు పేపరు వెనక వేసిన ముద్రలో ఆ ఆఫీసు పేరు ఉంటుంది. రెండు రకాలుగా వెతికినప్పుడు వచ్చిన లావాదేవీలు ఒకటేనా కాదా చూడండి. తేడా ఉంటే ఎందుకో తేలేదాకా డబ్బు కదపకండి.

ఫ్లాటు విషయంలో ఇంకో మెట్టు ఉంది. ఫ్లాటు నంబరుతో తీసిన ఈసీ ఆ భవనం కట్టిన దగ్గర్నుంచే మొదలవుతుంది. దానికి ముందు స్థలం ఎవరిది, స్థలం యజమానికి, బిల్డరుకు మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో ఆ ఫ్లాటు స్థల యజమాని వాటాకు వచ్చిందా బిల్డరు వాటాకా, బిల్డరు మొత్తం స్థలం మీద అప్పు తీసుకున్నాడా అన్నవి స్థలం సర్వే నంబరు మీద తీస్తేనే తెలుస్తాయి. అనుమతి ఇచ్చేటప్పుడు స్థానిక సంస్థ కొంత భాగాన్ని తన పేర తనఖా పెట్టించుకుంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి అది విడుదలయ్యేదాకా ఆ ఫ్లాట్లు అమ్మడానికి లేదు. తక్కువ ధరకు వస్తున్న ఫ్లాటు అందులోది అయి ఉండే ప్రమాదం ఉంది, అడిగి తెలుసుకోండి.

ఈసీలో తనఖా కనిపించగానే భయపడక్కర్లేదు. అమ్మేవాళ్లు కూడా లోన్ మీద కొని ఉంటారు, అది మామూలే. లోన్ కట్టేసినా పాత తనఖా వరుస ఈసీలోంచి చెరిగిపోదు, ఎప్పటికీ ఉంటుంది. దాని కింద విడుదల చేసినట్టు ఇంకో వరుస రావాలి. లోన్ ఎప్పుడో తీరిపోయి, బ్యాంకు నో డ్యూస్ లెటర్ కూడా ఇచ్చి, ఈ విడుదల పత్రం రిజిస్టర్ చేయించకుండా వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర కొనేవాళ్ల లోన్ అక్కడ ఆగుతుంది. ఇది సరిచేయగలిగే పనే, కానీ అమ్మేవాళ్లు పాత బ్యాంకుకు వెళ్లి చేయించాలి. అగ్రిమెంటుకు ముందే అడిగితే చేస్తారు, అడ్వాన్సు పుచ్చుకున్నాక కాళ్లు కదలవు.

ఈసీలో కనిపించనివీ ఉన్నాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, నోటిమాట పంపకాలు, చాలా కోర్టు కేసులు, ఆస్తి పన్ను బకాయిలు అందులో రావు. వీలునామా రిజిస్టరైనా అది వేరే బుక్కులో ఉంటుంది, ఈసీకి రాదు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి, పత్రమేదీ రిజిస్టర్ చేయకుండా తీసుకున్న అప్పు కూడా రాదు. అలాంటి వాటి కోసం బ్యాంకులు తమ తనఖాలు నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, దాన్నీ ఎవరైనా కొద్దిపాటి ఫీజుతో వెతకొచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో 22ఏ నిషేధిత ఆస్తుల జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద రిజిస్టర్ చేయకూడని ఆస్తుల జాబితా, చూడటం మర్చిపోకండి. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. నిల్ ఈసీ వచ్చిన స్థలం ఈ జాబితాలో కనపడొచ్చు.

అమ్మేవాళ్లకు ఆస్తి వారసత్వంగా వచ్చి ఉంటే ఈసీ దగ్గర ఒక ఖాళీ ఉంటుంది: తండ్రి పేరున కొన్నట్టు ఉంటుంది, కొడుకు అమ్ముతున్నాడు, మధ్యలో ఏమీ లేదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సంతకాలు ఆ ఖాళీని పూరించాలి. అక్కచెల్లెళ్ల సంతకం దగ్గరే ఎక్కువగా పేచీ వస్తుంది. "పెళ్లప్పుడే వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చేశాం" అన్నమాట బ్యాంకు లాయరు దగ్గర చెల్లదు. తండ్రి తన స్వార్జితానికి వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం కింద కూతురికి కొడుకుతో సమాన వాటా. ఉమ్మడి ఆస్తిలోనూ 2005 సవరణతో పుట్టుకతోనే సమాన హక్కు వచ్చింది. ఆ ఆడపడుచు మీకు పరిచయం లేకపోయినా ఆవిడ సంతకం మీ ఇంటికి అవసరం.

లోన్ ఎంత వస్తుందన్నది కూడా అడ్వాన్సుకు ముందే లెక్కేసుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల దాకా లోన్‌కు ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80, ఆపైన 75 శాతం గరిష్ఠ పరిమితి. ఇల్లు పది లక్షలు దాటితే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. అవి మీ చేతి నుంచే పెట్టుకోవాలి.

అన్నీ చూసుకున్నాక కూడా లాయరు ఏదో ఒకటి పట్టుకోవచ్చు. అందుకే అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి: టైటిల్ (యాజమాన్య హక్కు)లో లోపం కారణంగా బ్యాంకు లోన్ నిరాకరిస్తే ఇన్ని రోజుల్లో అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వాలి అని. డాక్యుమెంట్ రైటర్ తన దగ్గరున్న నమూనాలో అది లేదంటాడు. చేర్చమని గట్టిగా అడగండి, చేరుస్తారు. అమ్మేవాళ్లు ఈ ఒక్క వాక్యానికి ససేమిరా అంటే ఎందుకో కనుక్కోండి.

బ్యాంకు వద్దంటే కంగారు పడి వెంటనే ఇంకో బ్యాంకుకు పరిగెత్తకండి. ఏ కాగితం, ఏ సంవత్సరం, ఏ లోపం అన్నది రాతలో అడగండి. లాయరు రాసిచ్చే లీగల్ ఒపీనియన్‌కు ఫీజు మీ దగ్గరే తీసుకుంటారు కాబట్టి దాని కాపీ కూడా అడగండి. అందులో రాసిన లోపం విడుదల పత్రమో, ఒక సంతకమో, సరిగ్గా తీయని ఈసీనో అయితే సరిచేసుకుని అదే బ్యాంకుకు తిరిగి ఇవ్వొచ్చు. 22ఏ జాబితా అనో, కోర్టు కేసు అనో రాసి ఉంటే మాత్రం లోన్ ఇచ్చే ఇంకెవర్నో వెతుక్కోవడం మానేసి ముందు అడ్వాన్సు వెనక్కి తెచ్చుకునే పని చూడండి.