విదేశాల్లో ఎంపీఏ చదవాలంటే ఎక్కడ మొదలెట్టాలి

ముందు ఒకటి తేల్చుకోండి, మీకు ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, అంటే ప్రభుత్వ పాలన చదువు) కావాలా ఎంపీపీ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ, అంటే ప్రభుత్వ విధానాల చదువు) కావాలా అని. ఎంపీఏలో బడ్జెట్, సిబ్బంది, ఆఫీసు నడపడం లాంటివి ఎక్కువ, ఎంపీపీలో పాలసీ మంచిదా కాదా అని లెక్కలేసి చూడటం ఎక్కువ, కానీ కొన్ని కాలేజీల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి డిగ్రీ పేరు చూసి ఆగకండి, కోర్సుల లిస్టు మొత్తం చదవండి.

అమెరికాలో మామూలుగా రెండేళ్లు, అక్కడైతే నాస్పా (ఈ కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) అక్రెడిటేషన్ ఉందో లేదో చూడండి. సిరక్యూస్ యూనివర్సిటీలోని మ్యాక్స్‌వెల్ స్కూల్ 1924 నుంచీ ఈ చదువు చెప్తోంది. బ్రిటన్‌లో మాస్టర్స్ చాలావరకు ఏడాదే, ఖర్చు తగ్గుతుంది గానీ ఇంటర్న్‌షిప్‌కి టైం దొరకడం కష్టం.

అసలు కష్టపడాల్సింది ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో దరఖాస్తుతో పాటు రాసిచ్చే వ్యాసం) మీద. "ప్రజాసేవ చేయాలని చిన్నప్పటినుంచి కల" అని దయచేసి రాయకండి, అందరూ అదే రాస్తారు. మీరు పనిచేసిన చోట పెన్షన్ దరఖాస్తులు ఏ టేబుల్ దగ్గర ఆగిపోయేవి, ఎందుకు ఆగేవి, దాన్ని సరిచేయడానికి మీకు ఏ నైపుణ్యం తక్కువైంది, అది ఈ కోర్సులో ఏ సబ్జెక్టులో దొరుకుతుంది, ఇలా రాయండి. రికమెండేషన్ కూడా పెద్ద హోదా ఉన్నాయన కంటే మీ పని దగ్గరుండి చూసినాయన రాస్తేనే బలం.

స్కాలర్‌షిప్ సంగతి అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. బ్రిటన్ వాళ్ల చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. జీఆర్ఈ (పీజీ అడ్మిషన్ కోసం రాసే పరీక్ష) కొన్ని చోట్ల అవసరమే లేదు, ఫీజు కట్టేముందే కనుక్కోండి.