పటిక స్ఫటికం పెరగట్లేదా? ముందు పటికనే పరీక్షించండి

స్ఫటికం పెరగాలని పటిక ద్రావణంలో దారానికి కట్టి వేలాడదీసిన చిన్న పలుకు తెల్లారేసరికి మాయమైంది.

ద్రావణంలో పటిక చాల్లేదు, అంతే. నీళ్లు పూర్తిగా చల్లారాక కూడా అడుగున కాస్త పొడి మిగిలి ఉండాలి. అది చూడకుండానే పలుకు వేలాడదీస్తున్నారు. దయచేసి చూడండి! పొడి మిగలకపోతే ఇంకో రెండు చెంచాలు వేసి వేడి చేయండి. రాత్రంతా వదిలేసి, పొద్దున తేట మాత్రమే వేరే గ్లాసులోకి వంచుకోండి. ఎండాకాలంలో పొద్దున సరిపోయిన ద్రావణం మధ్యాహ్నం వేడికి మళ్లీ చాలకుండా పోతుంది, కాబట్టి రేకుల కింద పెట్టకండి.

పొడి ఎంత వేసినా కరుగుతూనే ఉంది, వారమైనా స్ఫటికం రాదు, చివరికి జిగట మిగిలింది.

పిల్లలు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. తప్పు వాళ్లది కాదు, పటికది. మన నల్లగొండ వైపు నీళ్లు తేర్చడానికి పటిక వాడకం పాతదే. నీళ్లలోని ఫ్లోరైడ్ తీయడానికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్'లో కూడా పటిక, సున్నం కలుపుతారు. అయితే నీళ్ల శుద్ధికి అమ్మేది ఎక్కువగా అల్యూమినియం సల్ఫేట్. మనకు కావాల్సింది పొటాషియం కూడా ఉన్న పొటాష్ పటిక. కిరాణంలో పటిక అని అడిగితే రెండిట్లో ఏదైనా ఇస్తారు. మసకగా, తెల్లగానో పసుప్పచ్చగానో ఉన్న పెళ్లను అనుమానించండి. సెలూన్‌లో గడ్డం గీశాక రుద్దేది, దిష్టికి గుమ్మానికి కట్టేది తేటగా ఉంటుంది, సాధారణంగా అదే సరైనది.

కంటిని నమ్మకుండా ఇలా చూడండి. 100 మిల్లీలీటర్ల చల్లని నీళ్లలో 30 గ్రాముల మెత్తటి పొడి వేసి పది నిమిషాలు కలపండి. పొటాష్ పటిక 20 డిగ్రీల దగ్గర 14 గ్రాములే కరుగుతుంది, కాబట్టి అడుగున బాగా మిగలాలి. మొత్తం కరిగిపోయిందంటే అది నీళ్ల పటిక. దాన్ని పక్కన పెట్టి వేరే దుకాణంలో కొనండి. ఎన్నిసార్లు కాచినా దాంతో ఎనిమిది ముఖాల స్ఫటికం రాదు.

ద్రావణం పాలలా తెల్లబడింది.

బోరు నీళ్లు వాడారు. అందులోని లవణాలతో పటిక కలిసి తెట్టు కడుతుంది. క్యాన్ నీళ్లతో మళ్లీ మొదలుపెట్టండి.

ఒక్కటి పెరగకుండా అడుగునంతా చిన్నవే వచ్చాయి.

దుమ్ము పడింది, లేదా ఫ్రిజ్‌లో పెట్టి తొందరపెట్టారు. వడకట్టి, పైన పల్చటి గుడ్డ కప్పండి.

బయటికి తీసిన స్ఫటికం కొన్నాళ్లకు తెల్లబారడం మామూలే. పొడి గాలికి లోపలి నీరు పోతుంది. ఆరాక రంగులేని గోళ్ల పాలిష్ ఒక పూత వేస్తే చాలు.